మా నయాగరా యాత్ర - దాని అసలు కథ

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళింటికి అమ్మానాన్నలు వస్తే జరిగే కార్యక్రమం ఏంటో అందరికీ తెలిసిందే. మొదటి వారం నిద్ర. రెండో వారం గుడి, ఇండియన్ స్టోరు, కాస్ట్‌కో. మూడో వారం న్యూయార్కు. ఆ తర్వాత ఏదో ఒక లాంగ్ వీకెండుకి నయాగరా. ఆ లెక్క ప్రకారమే 2025 మేలో మెమోరియల్ డే వీకెండుకి మేమూ వెళ్ళొచ్చాం. ఎర్ర రెయిన్‌కోట్లు వేసుకుని పడవ మీద తీయించుకున్న ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిట్లోకీ వెళ్ళింది. అందులో అమ్మ, నాన్న, మా ఆవిడ, రెండేళ్ళు నిండబోతున్న మా అమ్మాయి, నేను. అందరం నవ్వుతూనే ఉన్నాం.

ఆ ఫోటోలో కనపడని సంగతి ఒకటుంది. ఆ రోజుకి నేను అమెరికాలో ఉండటానికి నాకున్న అనుమతి ఇంకో పద్దెనిమిది రోజుల్లో అయిపోతోంది. నయాగరా అనేది ఒక వంక మాత్రమే. అసలు పని వంతెన దాటి అవతలికి వెళ్ళి మళ్ళీ ఇవతలికి రావడం. ఈ సంగతి కారులో ఉన్న పెద్దవాళ్ళలో మా ఆవిడకి, నాకు మాత్రమే తెలుసు. అమ్మానాన్నలకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నిద్రపోరు. అంతే.

కథ మొదట్నుంచీ చెప్తాను. ఎందుకంటే నాలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని నా అనుమానం.

నా మొదటి పాస్‌పోర్టు 2015 జూన్‌లో తీసుకున్నాను. అప్పుడే బీటెక్ మొదటి సంవత్సరం అయిపోయింది. "ఎప్పటికైనా పనికొస్తుంది, తీసి పడేయ్" అన్నాడు నాన్న. మనవాళ్ళలో చాలామంది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళప్పుడే పాస్‌పోర్టు తీసుకుంటారు. పెద్దవాళ్ళ పాస్‌పోర్టుకి పదేళ్ళ గడువు. అంటే సరిగ్గా ఇరవై ఎనిమిదో ఏడో, ఇరవై తొమ్మిదో ఏడో వచ్చేసరికి, అంటే పెళ్ళయి, పిల్లలు పుట్టి, హెచ్-1బి వచ్చి, ఇంటి లోనో కారు లోనో నెత్తిమీదున్న టైములో అది అయిపోతుంది. ఆ పుస్తకంలో ఫోటో చూస్తే మీసాలు కూడా సరిగ్గా రాని ఒక కుర్రాడు బిక్కమొహం వేసుకుని ఉంటాడు. వాడికి ఇవేవీ తెలియవు.

2023 డిసెంబర్లో మా అమ్మాయి అన్నప్రాశనకి ఇండియా వెళ్ళాం. ఆ ట్రిప్పులోనే హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో స్టాంపింగ్ కూడా చేయించుకున్నాను. పిటిషన్ 2026 సెప్టెంబర్ 30 దాకా ఉంది, వీసా కూడా అక్కడిదాకా ఇచ్చారు. 2024 జనవరిలో నెవార్క్‌లో దిగాం. పదిహేను గంటల పైన విమానంలో ఉండి వచ్చిన ఆర్నెల్ల పిల్ల కౌంటర్ దగ్గర గుక్కపట్టి ఏడుస్తోంది. ఆఫీసరు మా మీద జాలిపడి గబగబా ఏదో కొట్టి పంపించేశాడు. మేము దండం పెట్టినంత పని చేసి బయటపడ్డాం.

ఆ గబగబా కొట్టిన దాంట్లోనే ఉంది అసలు సంగతి.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం చిన్న పాఠం. (తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు, కానీ నేను కూడా తెలిసినవాణ్ణే అనుకునేవాణ్ణి.) వీసా అంటే గుమ్మం దాకా రావడానికి ఇచ్చే చీటీ మాత్రమే. లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94. ఒకప్పుడు అది తెల్ల కాయితం, పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చేవాళ్ళు. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకి ఆ కాయితం తీసేసి అంతా కంప్యూటర్లోకి మార్చారు. మనం సైట్లోకి వెళ్ళి చూసుకుంటే తప్ప అందులో ఏ తారీఖు ఉందో తెలియదు. చేతిలో కాయితం ఉన్నప్పుడు కనీసం కంటికి కనపడేది. ఇప్పుడు అది ఎవరి డేటాబేసులోనో ఒక రికార్డు. ప్రొడక్షన్ డేటాబేసులో ఏముందో చూడకుండా "నా మెషీన్లో బానే ఉంది" అనుకునే డెవలపర్ని ఏమంటామో నన్ను కూడా అదే అనాలి.

ఆ ఆఫీసరు నా ఐ-94ని పిటిషన్ ఉన్నంతవరకు కాకుండా, నా పాస్‌పోర్టు గడువు వరకు, అంటే 2025 జూన్ 11 వరకు ఇచ్చాడు. అతని తప్పు అని కూడా అనలేం. పాస్‌పోర్టు గడువు దాటి ఉండనివ్వకపోవడం వాళ్ళు మామూలుగా చేసేదే. తమాషా ఏంటంటే అదే కౌంటర్లో, అదే నిమిషంలో మా ఆవిడకి 2026 సెప్టెంబర్ దాకా ఇచ్చాడు. ఆవిడ పాస్‌పోర్టు 2019 నాటిది కాబట్టి. నా మీద ఆధారపడి వచ్చిన మనిషి నాకంటే పదిహేను నెలలు ఎక్కువ ఉండొచ్చన్నమాట! నా చేతిలో ఐ-797 కాయితం 2026 అంటోంది కదా అని ధీమాగా ఉన్నాను. కానీ రూలు ప్రకారం చివరగా ఇచ్చిన ఐ-94దే చెల్లుబాటు. పాత కాయితం మీద ఏ తారీఖు ఉన్నా అది చెల్లదు.

ఇది ఎప్పుడు బయటపడింది? ఏడాది తర్వాత, 2025 జనవరిలో, డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు. మా న్యూజెర్సీలో మనలాంటి వాళ్ళ లైసెన్సు గడువుని, దేశంలో ఉండే గడువుకి ముడిపెడతారు. కౌంటర్లో ఉన్నావిడ "జూన్ 11 వరకే ఇస్తాను" అంది. "అదేంటి, 2026 కదా" అన్నాను. ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పలేదు కానీ, నా మొహం చూసి జాలిపడి, "మీ ఐ-94 చూసుకోండి" అంది. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని సైట్ ఓపెన్ చేసి చూశాను. జూన్ 11.

ఆ లైసెన్సు పని ఇంకో ఏడాది తర్వాత పడి ఉంటే? నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ, పన్నులు కడుతూ, పుట్టినరోజు పార్టీలు చేస్తూ, చట్టం దృష్టిలో అక్రమంగా ఉన్నవాణ్ణి అయ్యేవాణ్ణి. అలా 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్ళు తిరిగి రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్ళు. నేరం ఏంటయ్యా అంటే, ఒక వెబ్‌సైటు ఓపెన్ చేసి చూసుకోకపోవడం.

కంపెనీ లాయరు రెండు దారులు చెప్పింది. ఒకటి, జూన్ 11లోపు ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయడం. రెండు, పాస్‌పోర్టు రెన్యువల్ చేసుకుని, ఒకసారి దేశం బయటకి వెళ్ళి వచ్చి, కొత్త పాస్‌పోర్టు మీద కొత్త ఐ-94 తీసుకోవడం. మొదటిదానికి కంపెనీ డబ్బు పెట్టాలి, మేనేజర్ సంతకం పెట్టాలి. అప్పటికే మా గ్రూపులో నలుగుర్ని పంపించేశారు. ఇలాంటి టైములో "సార్, నా గురించి కాస్త ఖర్చు పెట్టండి" అని వెళ్ళి నిలబడటం ఎంత కష్టమో ఈ ఉద్యోగాలు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకని ముందు రెండోది, అది కుదరకపోతే మొదటిది అనుకున్నాను.

ఫిబ్రవరిలో కొత్త పాస్‌పోర్టు వచ్చింది. పాతదాని మీద రద్దు ముద్ర కొట్టి పంపారు. లోపల వీసా పేజీ మాత్రం జాగ్రత్తగా వదిలేశారు. పాస్‌పోర్టు రద్దయినా అందులోని అమెరికా వీసా చెల్లుతుంది, రెండు పుస్తకాలూ కలిపి పట్టుకెళ్ళాలి. ఆ రెంటినీ రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్నాను.

ఈలోగా మార్చి మొదట్లో అమ్మా నాన్నా బయల్దేరారు. అక్కడ ఇంకో కథ. నాన్న పాస్‌పోర్టు 2025 ఆగస్టు నెలాఖరుకి అయిపోతుంది. మన దేశంలో గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. "చేయించుకో నాన్నా" అని ఆర్నెల్లుగా చెప్తూనే ఉన్నాను. "అందులో అమెరికా వీసా ఉందిరా, వాళ్ళు పుస్తకం కత్తిరిస్తే వీసా పోతుందేమో" అని ఆయన భయం. పోదని ఎంత చెప్పినా వినలేదు. ఎవరో పక్కింటాయన బావమరిదికి పోయిందట.

శంషాబాదులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అమ్మాయి నాన్న పాస్‌పోర్టు చూసి "సార్, ఆరు నెలలు లేదు, పంపించలేం" అందట. నాన్న నాకు ఫోన్ చేశాడు. నాకిక్కడ మధ్యాహ్నం, మీటింగులో ఉన్నాను. లేచి బయటకొచ్చాను. అసలు రూలు ఏంటంటే, అమెరికా వచ్చే విజిటరు పాస్‌పోర్టుకి ఉండే కాలం పైన ఇంకో ఆరు నెలలు గడువు ఉండాలి. కానీ కొన్ని దేశాలతో ఒప్పందం ఉంది. ఆ దేశాల పాస్‌పోర్టు గడువు అయిపోయాక కూడా ఆరు నెలలపాటు చెల్లుతున్నట్టే లెక్క. ఆ జాబితాలో ఇండియా ఉంది. దాన్ని సిక్స్ మంత్ క్లబ్ అంటారు. "ఆ అమ్మాయికి ఫోన్ ఇవ్వు నాన్నా" అన్నాను. ఇవ్వలేదు. "వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీరా, మనం అరవకూడదు" అన్నాడు. చివరికి వాళ్ళ సూపర్‌వైజరు వచ్చి, విమానాలవాళ్ళు వాడే టైమాటిక్ అనే డేటాబేసులో చూసి, నలభై నిమిషాల తర్వాత బోర్డింగ్ పాసులు ఇచ్చాడు. ఆ నలభై నిమిషాలూ నాన్న కౌంటర్ పక్కన నిలబడే ఉన్నాడట. కుర్చీ చూపించినా కూర్చోలేదని అమ్మ చెప్పింది.

నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ముప్ఫై ఏళ్ళపైన రెవెన్యూలో చేసి 2020లో రిటైరయ్యాడు. మండలాఫీసుల్లోనే సర్వీసంతా గడిచింది. కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ, అడంగళ్ళు, పట్టాదారు పాసు పుస్తకాలు, ఇవే ఆయన లోకం. అమెరికా వచ్చేటప్పుడు కూడా కాయితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో వరసగా పెట్టుకుని, పైన ఒక తెల్లకాయితం మీద "అనుబంధాలు" అని నెంబర్లతో రాసుకుని తెచ్చుకున్నాడు. మేం నవ్వాం.

ఇక కెనడా వీసాలు. హెచ్-1బి ఉన్నా, విజిటర్ వీసా ఉన్నా, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు కెనడాలో అడుగు పెట్టాలంటే కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. నలుగురికీ అప్లై చేశాను. వేలిముద్రలు, పాస్‌పోర్టులు పంపడం, మళ్ళీ తెప్పించుకోవడం, అన్నీ అయ్యేసరికి మే నెల వచ్చింది. నాన్నకి మాత్రం పాస్‌పోర్టు గడువుకి నెల ముందు వరకే ఇచ్చారు. మా అమ్మాయికి వీసా గొడవే లేదు. ఇక్కడ పుట్టింది కాబట్టి అమెరికా పౌరురాలు. రోడ్డు మార్గంలో అయితే పదహారేళ్ళలోపు పిల్లలకి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్ చాలు. ఒకే కారులో ఐదుగురం. ఇద్దరు విజిటర్లు, ఒక హెచ్-1బి, ఒక హెచ్-4, ఒక పౌరురాలు. అందరిలోకీ గట్టి కాయితం ఉన్న మనిషికి ఇంకా డైపర్ మాన్పించలేదు.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. పులిహోర, దద్దోజనం, జంతికలు, ఫ్లాస్కులో కాఫీ. ఏడు గంటల ప్రయాణం, మా అమ్మాయి ధర్మమా అని తొమ్మిది గంటలైంది. రెయిన్‌బో బ్రిడ్జి మీద కార్ల వరస. 1941లో కట్టిన వంతెన అది. నడి మధ్యలో రెండు దేశాల జెండాలు, గీత ఎక్కడో చెప్పే పలక ఉంటాయి. "ఇక్కడ నుంచి కెనడానా? ఏం తేడా లేదే" అంది అమ్మ. నిజమే, కింద నీళ్ళకి ఏం తేడా లేదు. కెనడా ఆఫీసరు ఎన్నాళ్ళుంటారు, ఎవరెవరు ఏమవుతారు, మందు, తుపాకులు ఏమైనా ఉన్నాయా అని అడిగి వదిలేశాడు. తుపాకి మాట విని నాన్న నవ్వాపుకోలేకపోయాడు.

జలపాతం గురించి నేనేం రాయను. చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి రాస్తే తెలియదు. అమ్మ చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడి, చివరికి దండం పెట్టుకుంది. రాత్రి రంగుల లైట్లు వేస్తే "అవెందుకు, ఊరికే బావుందిగా" అంది. నేను మాత్రం హోటల్ గదిలో రాత్రి రెండింటికి లేచి బాత్రూములో లైటు వేసుకుని కాయితాలు లెక్కపెట్టుకున్నాను. రెండు పాస్‌పోర్టులు, ఐ-797, మూడు నెలల పే స్లిప్పులు, ఉద్యోగం ఉందని కంపెనీ ఇచ్చిన లెటరు. ఆ ఏడాది ఏప్రిల్లోనే విద్యార్థుల రికార్డులు వేల సంఖ్యలో రద్దు చేసిన వార్తలు వచ్చాయి. తెలిసినవాళ్ళందరూ "ఇప్పుడు బయటకి ఎందుకురా" అన్నారు. వాళ్ళు అన్నది తప్పు కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్ళకపోతే జూన్ 11. వెళ్తే ఏ ఆఫీసరు ఏ మూడ్‌లో ఉంటాడో.

ఆదివారం మధ్యాహ్నం వెనక్కి బయల్దేరాం. ఇంకా పదిహేడు రోజులు.

అమెరికా బూత్‌లో ఆఫీసరు కుర్రవాడు. అన్ని పాస్‌పోర్టులూ తీసుకుని, ఒక్కొక్కటీ స్కాన్ చేసి, కారులోకి తొంగి చూసి, నిద్రపోతున్న మా అమ్మాయిని చూసి నవ్వాడు. ఎక్కడ పని చేస్తావు అన్నాడు, చెప్పాను. పాస్‌పోర్టులన్నీ తిరిగి ఇచ్చేసి "వెళ్ళండి, మంచిది" అన్నాడు.

ఇక్కడ అందరూ సంతోషించాలి. అమ్మ "అయిపోయిందా, హమ్మయ్య" అంది. కానీ నాకు గుండె జారిపోయింది. ఎందుకంటే కెనడాకి ముప్ఫై రోజుల్లోపు వెళ్ళొచ్చేవాళ్ళని పాత ఐ-94 మీదే లోపలికి రానిస్తారు. అడక్కపోతే కొత్తది రాదు. నేను ఇప్పుడు కారు ముందుకి పోనిస్తే, అంతా సుఖంగా, చట్టబద్ధంగా, అదే జూన్ 11తో ఇంటికి వెళ్తాను.

జీవితమంతా ఇలాంటి కిటికీల దగ్గర మనం నేర్చుకున్నది ఒకటే. వదిలేస్తే వెళ్ళిపో, నోరు తెరవకు. వెళ్ళమన్న ఆఫీసర్ని "ఆగండి సార్" అనడం నా ఒంట్లోనే లేదు. వెనక కారు అప్పుడే కదిలింది. మా ఆవిడ నా చేయి మీద చేయి వేసి "అడుగు" అంది, అంతే.

అడిగాను. పాస్‌పోర్టు మారిందనీ, ఐ-94 పాత పాస్‌పోర్టు గడువు దాకే ఉందనీ, కొత్తది కావాలనీ. ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. కోపం కాదు, పని పెరిగిందన్న విసుగు. ఒక చీటీ రాసి అద్దానికి పెట్టి, కారు పక్కన పెట్టి అందరూ లోపలికి వెళ్ళండి అన్నాడు.

లోపల వరస కుర్చీలు, గోడ మీద ఫోన్లు వాడకూడదని బోర్డు. మా ముందు పది పన్నెండు కుటుంబాలు. పిల్ల లేచింది, ఆకలి. అమ్మ కంగారు పడిపోయి "మనమేం చేశాం రా" అని మూడుసార్లు అడిగింది. మా ఆవిడ "ఏం లేదత్తయ్యా, చిన్న కాయితం పని" అని పిల్లని, అమ్మని తీసుకుని అవతలి వైపు కూర్చుంది. నాన్న నా పక్కన కూర్చున్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నా ఒళ్ళో ఉన్న ఫైలు తీసుకుని ఒక్కొక్క కాయితమే తిరగేశాడు. ఐ-94 ప్రింటు చూశాడు. ఐ-797 చూశాడు. ముప్ఫై ఏళ్ళు కాయితాలు చూసిన మనిషికి చెప్పాలా? రెండు తారీఖుల మీదా వేలు పెట్టి, "ఇదా సంగతి" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"జనవరిలో తెలిసింది నాన్నా."

"మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. నాకు చెప్పలేదేం అని అడగలేదు.

ఇంకో అరగంట గడిచింది. ఎవరో మెక్సికో ఆయనలా ఉన్నాడు, కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసరు ఏదో చెప్తున్నాడు, ఆయనకి అర్థం కావడంలేదు. నాన్న అటే చూస్తూ ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఒక ముసలావిడ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు కోసం వచ్చేదట. మొగుడు చనిపోయాడు, పెన్షను రావాలి. రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకో పేరు. అఫిడవిట్ తెమ్మన్నాడు. తెచ్చింది, అందులో ఇంటిపేరు తప్పు. మళ్ళీ తెమ్మన్నాడు. ఈసారి వీఆర్వో రిపోర్టు లేదు. సోమవారం రమ్మన్నాడు. ఆమె ఊరికి రోజుకి రెండే బస్సులట. ప్రతిసారీ ఇలాగే చేతులు కట్టుకుని నిలబడేదట.

"నేను లంచం అడగలేదురా" అన్నాడు నాన్న. "రూలు ప్రకారమే చేశాను. ఒక్క కాయితం కూడా నేను ఎక్కువ అడగలేదు. కానీ ఒకసారి కూర్చోబెట్టి, ఇవీ ఇవీ కావాలమ్మా, అన్నీ ఒకేసారి పట్టుకురా అని చెప్పుంటే సరిపోయేది. పది నిమిషాల పని. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలీదు. వరసలో జనం ఉన్నారు, నాకు చిరాగ్గా ఉంది, అంతే."

"తర్వాత వచ్చిందా పెన్షను?"

"నాకు ట్రాన్స్‌ఫరైంది."

నేనేం మాట్లాడలేదు. శంషాబాదులో నలభై నిమిషాలు ఎందుకు కూర్చోకుండా నిలబడ్డాడో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. అర్థమైందనుకుంటున్నాను.

గంటన్నర తర్వాత నా పేరు పిలిచారు. పిలిచారంటే, మన ఇంటిపేరుని ముందు పెట్టి, అసలు పేరుని మూడు ముక్కలు చేసి ఏదో అన్నారు. అలవాటే కాబట్టి లేచాను. ఈ ఆఫీసరు నడివయసావిడ, కళ్ళజోడు. పాత పాస్‌పోర్టు తీసి ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. "ఇది నువ్వేనా?" అంది. నేనే అన్నాను. "అప్పుడు బాగా సన్నగా ఉన్నావు" అంది. ఐదు నెలల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

వేలిముద్రలు, ఐ-797, ఏ కంపెనీ, ఏం పని, జీతమెంత. ఆరు డాలర్లు ఫీజు. (2025 సెప్టెంబర్ 30 నుంచి దీన్ని ముప్ఫై డాలర్లు చేశారు.) ఆవిడ టపటపా కొడుతుంటే కీబోర్డు వైపే చూస్తున్నాను. పోయినసారి ఒకళ్ళు ఇలాగే కొట్టారు కదా. ఈసారి ధైర్యం చేసి "ఏ తారీఖు దాకా ఇస్తున్నారు మేడమ్?" అని అడిగాను. ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. 2026 సెప్టెంబర్ 30.

"ప్రతిసారీ ఇలాగే అడుగు. మేమూ మనుషులమే, మాకూ తప్పులు పడతాయి" అంది.

బయటకొచ్చి కారులో కూర్చోగానే సైట్ ఓపెన్ చేశాను. పేజీ తిరుగుతూ తిరుగుతూ ఉంది. ఆ చక్రం తిరిగినంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. వచ్చింది. ఫోన్ వెనక సీట్లో ఉన్న నాన్నకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, తారీఖు, పేరు, పాస్‌పోర్టు నెంబరు, మూడూ సరిచూసి, "కరెక్టే, పోనీ" అన్నాడు. ఆఫీసులో ఫైలు మీద సంతకం పెట్టి ముందుకి తోసినట్టే ఉంది ఆ మాట. అమ్మ దద్దోజనం డబ్బా తీసింది.

ఈ ట్రిప్పు తర్వాత ఆఫీసులో మనవాళ్ళని ఏడుగుర్ని కూర్చోబెట్టి ఐ-94 చూపించమన్నాను. ఏడుగురిలో ఒకతనిది నా లాగే పాస్‌పోర్టు గడువుకి కత్తిరించి ఉంది. అతనికి తెలియదు. ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి సరిపోయింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. విమానం దిగి ఇంటికెళ్ళాక సామాను విప్పకముందే ఐ-94 తీసి, ఐ-797 పక్కన పెట్టి తారీఖులు సరిచూసుకోండి. పాస్‌పోర్టుకి ఏడాది కంటే తక్కువ ఉంటే ఇండియా వెళ్ళేముందే రెన్యువల్ చేయించుకోండి. పాతదాంట్లో వీసా ఉంటే ఏం కాదు, రెండూ పట్టుకెళ్ళండి. కెనడా, మెక్సికోలకి ముప్ఫై రోజుల్లోపు వెళ్ళొస్తే వీసా స్టాంపు అయిపోయినా రానిచ్చే వెసులుబాటు ఒకటుంది. అది చెల్లుతున్న ఐ-94 ఉన్నవాళ్ళకే, కొత్త ఐ-94 కోసం పనికొచ్చేది కాదు. పైగా అక్కడ ఉన్నప్పుడు కొత్త వీసాకి అప్లై చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, కిటికీ అవతల మనిషి "వెళ్ళు" అన్నా సరే, అడగాల్సింది ఉంటే అడగండి.

జులైలో అమ్మానాన్నలు వెనక్కి వెళ్ళిపోయారు. దిగిన రెండో వారానికే నాన్న పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళొచ్చాడు. కొత్తది వచ్చిన రోజు ఫోన్ చేశాడు.

"2035 దాకా ఇచ్చార్రా. అప్పటికి నాకు డెబ్భై ఐదు. నాకంటే అదే గట్టిగా ఉంటుందేమో."

"వీసా పేజీ?"

"ముట్టుకోలేదు. నువ్వు చెప్పింది కరెక్టే" అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదటిసారి.

తర్వాత కాసేపు ఆగి, ఇంకో సంగతి చెప్పాడు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పక్కన ఒక ముసలాయన కొడుకు దగ్గరకి వెళ్ళాలని వచ్చి, ఆధార్‌లో పుట్టినతేదీ తేడా వచ్చిందని వెనక్కి పంపితే బయట మెట్ల మీద కూర్చున్నాడట. నాన్న ఆయన పక్కన కూర్చుని, ఒక కాయితం తీసుకుని, ఏమేం కావాలో, ఏది ఎక్కడ దొరుకుతుందో, ఏది ముందు చేయించాలో వరసగా నెంబర్లు వేసి రాసిచ్చాడట.

"ఎంతసేపు పట్టింది నాన్నా?"

"పది నిమిషాలు" అన్నాడు.